ఛాతీ ఎత్తు అల

తెల్లవారుజామున అన్నం కుక్కర్ మీట నొక్కి, మా ఆయన షిగెనోరి గురక చెడకుండా చప్పుడు లేకుండా బండి తీస్తాను. హ్యూగా తీరంలో మూడు చోట్ల ఆగాలి. గాలి నేల మీద నుంచి వీస్తోందా, సముద్రం మీద నుంచా? పోటు ఎక్కుతోందా, తగ్గుతోందా? అలలు ఎంత ఎత్తున్నాయి? ఫొటో తీసి, నాలుగు ముక్కలు రాసి, ఆరింటిలోపు మా సర్ఫింగ్ కొట్టు పేజీలో పెట్టాలి. అది చూశాకే జనం బోర్డులు కట్టుకుని బయల్దేరతారు. కింద ‘షిగెనోరి, యజమాని’ అని ఉంటుంది. పదకొండేళ్ళలో ఆ యజమాని ఒక్కరోజైనా ఆ వేళకి లేచిన పాపాన పోలేదు. “షిగెగారి కన్నే కన్ను!” అని కొట్టుకొచ్చినవాళ్ళు మెచ్చుకుంటే తల గోక్కుంటూ నవ్వుతాడు. నేను వాళ్ళకి టీ పోస్తాను.

మా దగ్గర అలల్ని మనిషి ఒంటితోనే కొలుస్తారు. మోకాలు, నడుము, ఛాతీ, తల. మొదటి వారం నేను ‘తల ఎత్తు’ అని రాస్తే షిగెనోరి పగలబడి నవ్వాడు. “నీ తలా? జానా బెత్తెడు మనిషివి! నీకు తలైతే నాకు ఛాతీ. ఛాతీ అనే రాయి, మగాళ్ళు నవ్విపోతారు.” అప్పటినుంచీ అతని ఒంటితోనే కొలుస్తున్నాను. పెళ్ళికి ముందు నేనూ అలలెక్కినదాన్నే. “కోడలు నీళ్ళలో ఆడుకుంటూ కూర్చుంటే కొట్టు తలుపులెవరు తీస్తారమ్మా?” అన్నారు అత్తయ్య. దిగొద్దని ఎవరూ అనలేదు. తీరిక లేకుండా చేశారంతే.

నిన్న నత్సుయోగారు వచ్చారు. యాభై దాటాక సర్ఫింగ్ మొదలుపెట్టిన మనిషి, నా అంతే పొట్టి. నుదుటికి కట్టు, చేతిలో మిఠాయి డబ్బా. “ఛాతీ అని చదివి దిగాను చిజురుగారూ. తీరా చూస్తే నెత్తిన విరుచుకుపడింది. ఊపిరాడక పోయాననే అనుకున్నా. మీ అద్దె బోర్డు విరిగిపోయింది, క్షమించండి” అంటూ నడుము వంచారు.

“ఛాతీ అంటే మగాడి ఛాతీ అండీ! ఆ మాత్రం తెలియకపోతే ఎలా?” అన్నాడు షిగెనోరి. ఆవిడ ఇంకోసారి వంగారు. నేనూ వంగి, ఆ అబద్ధం రాసిన చేత్తోనే డబ్బా అందుకున్నాను. ఛీ, ఏం బతుకు నాది! ఎవరితో చెప్పుకోను? ఇంట్లో చెబితే మళ్ళీ నవ్వుతాడు.

ఇవాళ గట్టు మీద నిలబడి ఫోన్‌లో ‘ఛాతీ’ అని కొట్టి చెరిపేశాను. మరి నాకెంత ఎత్తు? తెలియలేదు. షిగెనోరి ఛాతీ ఎక్కడికి వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నా ఒంటి కొలత మాత్రం మరిచిపోయాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బండిలో ఉన్న కొట్టు అద్దె బోర్డొకటి దింపి, కట్టుబట్టలతో సముద్రంలోకి దిగాను. రెండుసార్లు తిరగబడి ఉప్పునీళ్ళు మింగాను. భుజాలు లాగేశాయి. మూడోసారి బోర్డు మీద నిలబడ్డాను.

ఒడ్డుకొచ్చేసరికి ఏడు దాటింది. ఫోన్ మోగుతోంది.

“ఎక్కడ చచ్చావు? జనం ఒకటే ఫోన్లు! ఎంతుంది?”

“నాకు నెత్తి దాటింది. మీకెంతో మీరొచ్చి దిగి చూసుకోండి.”

ఫోన్ పెట్టేసి, నత్సుయోగారు చదువుతారని పేజీలో రాశాను: ‘తల దాటిన అల. కొలిచింది చిజురు, మనిషి ఎత్తు నూట నలభై తొమ్మిది సెంటీమీటర్లు.’