వేడి చేసే మాత్రలు

డాక్టరుగారు తెరమీద మా ఆయన పొట్ట లోపలి బొమ్మ చూపించి, "క్రిమి ఇంకా ఉందండి," అన్నారు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండు నెలల క్రితం మా ఆయన మండపేట రైసుమిల్లులో కడుపు పట్టుకుని కూలబడితే రాజమండ్రి తెచ్చాం. ఇదే ఆసుపత్రిలో పొట్ట కోశారు. లోపల పుండు చిల్లు పడిందన్నారు, కుట్టేశారు. కుట్టేశాక ఇంకా క్రిమి ఏంటి?

"చిల్లు మేం మూశామండి. దానికి కారణమైన క్రిమిని చంపాల్సింది మాత్రలు. పద్నాలుగు రోజులూ వేసుకున్నారా?"

దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది. సంచిలోంచి అట్టలు తీసి గర్వంగా బల్లమీద పెట్టాను.

"ఇంకా మిగిలున్నాయండి. జాగ్రత్తగా వాడాం."

డాక్టరుగారు అట్టల వంక చూసి, నా వంక చూశారు.

కోసిన పొట్టకి పత్యం ఎలా పెట్టాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. పాతబియ్యం అన్నం, బీరకాయ కూర, బార్లీ నీళ్లు. పూటకి మూడేసి మాత్రలు మింగిస్తే పచ్చిపుండుకి వేడి చెయ్యదూ? అందుకే రోజుకొక్కటే, మజ్జిగతో ఇచ్చాను. బాలింతని కూడా అంత కనిపెట్టుకుని ఉండరు.

"అరకొరగా వేస్తే క్రిమి చావదు, మందుకి అలవాటు పడుతుంది. పుండు మళ్లీ రేగింది. ఇలాగే ఉంటే మళ్లీ చిల్లు పడొచ్చు, మళ్లీ కొయ్యాల్సి రావచ్చు. ఇలా ఎవరిచ్చారండి?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన, "నేనే మర్చిపోతుండేవాణ్ణండి," అన్నారు.

బస్సెక్కాక అడిగాను. "చీటీలో ఎలా రాశారో మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంటండీ?"

"ఆసుపత్రిలో నువ్వు ఒక్కరోజు సరిగా తినలేదు వీరవేణీ. ఇంటికొచ్చాక, నాకు మాత్ర ఇచ్చాకే నీకు ముద్ద దిగేది. అది పాడుచెయ్యడం ఎందుకని."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఈ మనిషిని బతికిస్తున్నాననుకుంటూ నేను, నన్ను ఓదారుస్తున్నాననుకుంటూ ఆయన, ఇద్దరం కలిసి ఆ క్రిమిని పెంచామా?

మర్నాడు పొద్దున్నే, డాక్టరుగారు మార్చి రాసిన మాత్రలు నాలుగూ ఒక్కసారే ఆయన అరచేతిలో పెట్టాను.

"వేడి చేస్తాయేమోనే," అన్నారు నవ్వుతూ.

"చెయ్యనివ్వండి. ఈసారి నేను తప్పు చేస్తే మాత్రం నోరు విప్పండి."

ఆయన మింగేదాకా అక్కడే నిలబడ్డాను.