బావ చించిన స్పీకర్లు

పుంగనూరులో దాణా అంగడి నడిపే జనార్దన్‌కు రెండంటే ప్రాణం. ఒకటి తన ఎనిమిది సీట్ల వ్యాను, రెండోది ఆ వ్యానులో మోగే పాట. మూడో స్థానంలోనైనా తనను ఉంచితే చాలని భార్య రేఖ ఎగతాళి చేసేది. చౌడేపల్లె పక్క పాడి రైతులకు తవుడు మూటలు వేసేదీ ఆ వ్యానులోనే, ఇంటిల్లిపాదీ పెళ్లికో పేరంటానికో కదిలేదీ ఆ వ్యానులోనే. ఎంత కడిగినా తవుడు వాసన పోదు. పాట పెడితే ఆ వాసన ఎవరికీ గుర్తుండదని అతని నమ్మకం. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తనకు నచ్చిన పాట ఎంతసేపైనా వింటాడు, ఎదుటివాళ్ల మాట మాత్రం సగంలోనే తుంచేస్తాడు.

రాగి కోతల కాలంలో అతని అక్క మునీశ్వరి ఫోన్ చేసింది. ఆమెను రామకుప్పం అవతల, అడవిని ఆనుకున్న పల్లెలో ఇచ్చారు. బావ రాజేంద్ర సేద్యగాడు. నోట్లో నాలుక లేని మనిషి.

“జనా, ఈడ మాకు శానా ఇబ్బందిగా ఉండాది రా. పొద్దు గూకితే సాలు...”

“అక్కా, అంగట్లో జనం ఉండారు. ఏం గావాల్నో సెప్పు.”

“వ్యాను గావాల. కొన్నాళ్లు.”

“అంతే గదా! బావను వచ్చి తీసుకోని పొమ్మను.”

ఫోన్ పెట్టేశాడు. అడిగింది ఇచ్చానన్న తృప్తి అతనికి మిగిలింది. ఎందుకడిగిందో మాత్రం అతనికి తెలియలేదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

కోతలయ్యాక రాజేంద్ర వ్యాను తెచ్చి అంగడి ముందు నిలిపాడు. కళ్లు ఎర్రగా గుంటలు పడి ఉన్నాయి. “జనార్దనా, స్పీకర్లు దెబ్బతినినాయప్పా. ఎట్లయిందంటే...” అని మొదలుపెట్టాడు. జనార్దన్ అప్పుడు తూకం దగ్గర ఉన్నాడు. “సరేలే బావా, తాళం ఆడ పెట్టు” అనేశాడు. రాజేంద్ర తాళం పెట్టి, బస్సెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం జనార్దన్ వ్యానులో కూర్చుని పాట పెట్టాడు. పాట రాలేదు. జల్లెడలో రాళ్లు ఆడిస్తున్నట్టు గరగరమని చప్పుడొచ్చింది. నాలుగు తలుపుల్లోనూ అదే వరస. అతని గుండె తరుక్కుపోయింది. దిగి చూస్తే సీట్ల కింద బీడీ ముక్కలు, నలిగిన కాగితం గ్లాసులు దొరికాయి. ఇంకేం కావాలి? ఎర్రటి కళ్లు, గ్లాసులు, చిరిగిన స్పీకర్లు. బావ స్నేహితులను వెంటేసుకుని తాగి, తెల్లవార్లూ పాటలు పెట్టుకుని ఎగిరాడని అక్కడికక్కడే తీర్పు చెప్పేసుకున్నాడు.

“ఫోన్ చేసి అడగండి” అంది రేఖ.

“అడిగేదేముండాది? కనపడతానే ఉండాది గదా” అన్నాడు.

ఆ కోపం లోపల్లోపలే పులిసింది. కొన్నాళ్లకు కుప్పంలో చుట్టాల పెళ్లి వచ్చింది. భోజనాల దగ్గర రాజేంద్ర ఊరివాళ్లు, అన్నదమ్ములు, ఇటువైపు వాళ్లు అందరూ ఒకే బంతిలో కూర్చున్నారు. ఎవరో మాటవరసకు ఈసారి రాగులు ఎట్లా పండాయని రాజేంద్రను అడిగారు. ఆయన నోరు తెరిచేలోగా జనార్దన్ అందుకున్నాడు.

“మా బావకు రాగులు పండినాయో లేదో గానీ, డాన్సులు మాత్రం బాగా పండినాయి. తాగి ఎగిరి ఎగిరి నా వ్యానులో స్పీకర్లు చించి పంపినాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్ల, మా సొమ్ము గదా, పోయినా ఆయనకేం బాధ లేదు.”

బంతి మొత్తం గొల్లున నవ్వింది. రాజేంద్ర ఏదో అనబోయాడు. పక్కనే వడ్డిస్తున్న మునీశ్వరి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తల దించుకుని, మళ్లీ అన్నం కలుపుకున్నాడు. తప్పు చేసిన వాడు కాబట్టే నోరు పెగల్లేదని జనార్దన్ అనుకున్నాడు. ఆ పూట పాయసం అతనికి భలే రుచిగా ఉంది.

“కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం” అని దారి పొడుగునా రేఖ చెప్తూనే ఉంది. అతను వినలేదు. వినడం అతని ఇంటా వంటా లేదు.

ఆ తర్వాత అక్క దగ్గర్నుంచి ఫోన్లు తగ్గిపోయాయి. మాఘమాసంలో ఒకరోజు ఆమె రేఖకు ఫోన్ చేసింది, తమ్ముడికి కాదు. కూతురు ఝాన్సీకి చెవులు కుట్టించే ముహూర్తం పెట్టారట. “మేనమామ వస్తే ఒళ్లో కూర్చోబెడతాం. రాకుంటే మా మరిది ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడని సెప్పు” అందట.

ఆ మాట జనార్దన్‌కు చెంపదెబ్బ తగిలినట్టయింది. మేనమామ బతికుండగా చిన్నాన్న ఒళ్లో చెవులు కుట్టిస్తే, అక్కకు పుట్టింటి బంధం తెగిపోయినట్టే. రేపు నలుగురూ ఏమనుకుంటారు? పోవాలి. కానీ తప్పు తనది కాదని కూడా తేలాలి. దానికి అతనొక ఉపాయం ఆలోచించాడు. ఉపాయం అనడం మర్యాద కోసమే, అది వట్టి కుళ్లుబోతుతనం. వ్యానుకు కొత్త స్పీకర్లు వేయించాలి. పాతవి చించిన మనిషి ముంగిట్లోనే వాటిని మోగించాలి. చిరిగిన పాతవాటిని కవర్లో పెట్టుకెళ్లి, నలుగురి ముందూ చూపించాలి.

మదనపల్లెలో కార్ల సామాన్ల అంగడి పెట్టుకున్న వరదరాజులు, వ్యాను తలుపు తట్టి చూసి అడిగాడు: “ఏం రకం గావాలప్పా? నువ్వు వినేదానికా, ఊరికి వినిపించేదానికా?”

“ఊరికే.”

వరదరాజులు నవ్వి, రెండు మూడు జతలు బల్ల మీద పెట్టాడు. ఒకటి మెత్తగా, ప్రతి మాటా స్పష్టంగా వినిపించేది. ఇంకొకటి జాతరలో కొట్టే పలక డప్పుల మోతతో అద్దాలు అదరగొట్టేది. “ఇంట్లో ఆడోళ్లు, ముసలోళ్లు ఎక్కే బండి గదా, మొదటిది తీసుకో. మాట బాగా వినబడతాది” అన్నాడు. జనార్దన్ రెండోదాని మీదే చెయ్యి పెట్టాడు.

తలుపుల లోపలి అట్టలు ఊడదీశారు. ఎర్రమట్టి, రాగి పొట్టు జలజలా రాలాయి. పాత స్పీకర్ల కాగితం నిలువునా చీలి ఉంది. కొత్తవి బిగించి, రేకు అదరకుండా చుట్టూ స్పాంజి పట్టీ అతికించి, వైర్లు కలిపి చూశారు. మోత బజారు చివరిదాకా వినిపించింది. “పాతవి పారేద్దామా?” అంటే, “వద్దు, కవర్లో వేసియ్యి” అన్నాడు జనార్దన్. ఆ కవరును వ్యాను వెనక, పట్టుచీర, బంగారు పోగులు ఉన్న సంచి పక్కనే జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

ముహూర్తం రోజు పొద్దున్నే బయలుదేరారు. పలమనేరు దాటారు, వి.కోట దాటారు. రేఖ చెవుల్లో చీర కొంగు కుక్కుకుని కూర్చుంది. ఊరి మలుపు రాగానే జనార్దన్ తనకు బాగా ఇష్టమైన పలకల మోత పెట్టాడు. గంగమ్మ జాతరలో తానే రికార్డు చేసుకున్నది, ఎప్పటినుంచో వ్యాను స్టీరియోలోనే ఉన్నది. సౌండు ఆఖరిదాకా తిప్పి, అద్దాలన్నీ దించి, పెళ్లికొడుకులా ఊళ్లోకి వచ్చాడు.

ఊరు ఊరంతా బయటికి ఉరికింది. తన స్పీకర్ల గొప్ప చూడ్డానికేనని అతను ఒక్క క్షణం మురిసిపోయాడు. తీరా చూస్తే ఒకడి చేతిలో రేకు డబ్బా, ఇంకొకడి చేతిలో టపాసుల సరం. ఒక ముసలాయన పళ్లెం, గరిటె పట్టుకుని వచ్చాడు. ఆడవాళ్లు పిల్లలను ఇళ్లలోకి లాగి తలుపులేస్తున్నారు. “యాడ? యాపక్క దిగినాయి?” అని ఒకటే కేకలు. మంగళవాయిద్యాల వాళ్లు డోలు అక్కడే పడేసి గోడెక్కారు.

రాజేంద్ర తల్లి ఈశ్వరమ్మ రొప్పుకుంటూ వ్యానుకు అడ్డం వచ్చింది. “ఆపు నాయనా, ఆపు! పట్టపగలు ఏనుగులొచ్చినాయని గుండె జారిపోయింది.”

జనార్దన్ పాట ఆపాడు. “ఏనుగులేంది అత్తా?”

“తెలియనట్ల అడుగుతాండావే! రాగికోతలప్పుడు దినామూ గుంపు దిగేది గదా. మా రాజేంద్ర నీ వ్యాను చేని గట్టున పెట్టి, నాలుగు తలుపులూ తీసి, తెల్లారేదాకా ఈ పలకల మోతే పెట్టేటోడు. అది మోగిందంటే ఊరంతా డబ్బాలెత్తుకోని ఉరికేది. నిద్దర రాకుండా టీలు, బీడీలు తాక్కుంటా కాపలా ఉన్నాడు, పాపం. నీ వ్యాను లేకుంటే ఈ ఊర్లో ఒక్క గింజ ఇంటికి చేరేది కాదు నాయనా. నీ పేరు చెప్పుకోనోళ్లు లేరు.”

ఊరివాళ్లు ఒక్కొక్కరే డబ్బాలు దించి, నవ్వుకుంటూ అతనికి దండం పెట్టారు. పెళ్లి బంతిలో అతని మాటను బావాబామ్మర్దుల సరసమనుకుని నవ్విన ముఖాలు కూడా వాళ్లలో ఉన్నాయి. ఆ దండాలు జనార్దన్‌ను కాల్చేశాయి. కాగితం గ్లాసుల్లో ఉన్నది టీ. ఎర్రటి కళ్లు కాపలావి. భూమి చీలితే వ్యానుతో సహా దిగిపోదామనిపించింది అతనికి.

అక్క గడపలో నిలబడి ఉంది. అతను ఆమె దగ్గరికి పోయి, “ఒక మాట సెప్పింటే సాలు గదక్కా” అన్నాడు.

“ఫోన్‌లో సెప్పబోతి, జనం ఉండారంటివి. మీ బావ అంగట్లో సెప్పబోతే తాళం పెట్టి పొమ్మంటివి.”

“మరి పెళ్లిలోనన్నా...”

“పెళ్లిలో ఆయన సెప్పబోయినాడు. నేనే ఆపితి. నలుగురిలో నువ్వు తల దించుకోవాల్సి వస్తాదని.” అంత మాత్రమే అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ముహూర్తం దాటుతోందని చెవులు కుట్టే ఆచారి తొందరపెట్టాడు. జనార్దన్ పీట మీద కూర్చున్నాడు. రాజేంద్రే ఝాన్సీని ఎత్తుకొచ్చి అతని ఒళ్లో పెట్టాడు. పిల్ల కూర్చోవడమైతే కూర్చుంది గానీ, రెండు చేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. ఆచారి బతిమాలాడు, రేఖ మిఠాయి చూపించింది, ఈశ్వరమ్మ కసిరింది. పిల్ల చేతులు తీయలేదు. ఆ వ్యాను చూస్తే అంతేనని, ఆ రాత్రుల్లో బాగా భయపడిందని రాజేంద్ర మెల్లగా చెప్పాడు.

నలుగురూ చూస్తున్నారు. చిన్నాన్న నరేంద్రను పిలుద్దామని వెనక నుంచి ఎవరో అన్నారు. జనార్దన్ పీట మీద నుంచి లేవకుండానే, అందరికీ వినబడేలా అన్నాడు:

“బావా, ఆ పొద్దు కుప్పంలో నేను వాగింది తప్పు. అడక్కుండా, వినకుండా నీ మీద లేనిది మోపినాను. ఇప్పుడు గూడా గొప్పకు పొయ్యి ఊరిని బెదరగొట్టినాను. నాకు సిగ్గుగా ఉండాది.”

“ఇప్పుడు యాల అదంతా, ముందు పిల్ల పని సూడప్పా” అన్నాడు రాజేంద్ర. కానీ ఆయన కళ్లు తడిశాయి. ఝాన్సీ తల పైకెత్తి మేనమామను చూసింది.

“మామా, మళ్లా పలకలు పెడతావా?”

“పెట్టనమ్మా. నువ్వు పెట్టమనేదాకా పెట్టను.”

పిల్ల ఆలోచించి, ముందు ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి తీసింది. ఆచారి తన పని కానిచ్చాడు. పిల్ల ఏడుస్తూ అతని చొక్కా పట్టుకుంది. జనార్దన్ కూడా ఏడ్చాడు, ఎవరూ వేలెత్తి చూపలేదు. భోజనాల దగ్గర బావ పక్కనే కూర్చున్నాడు. ఒక గండం గడిచిందనుకున్నాడు.

సాయంత్రం బయలుదేరేటప్పుడు మునీశ్వరి పుట్టింటికని రాగుల మూట ఎత్తుకొచ్చింది. వద్దని అతను అనేలోపే వ్యాను వెనక తలుపు తీసింది. లోపల కవరు పక్కకు ఒరిగి ఉంది. చిరిగిన స్పీకర్లు బయటికి కనబడుతున్నాయి.

“ఇవి యాల తెచ్చినావురా?”

అందరి ముందూ ఒప్పుకున్న మనిషికి ఈ ఒక్కటీ చెప్పడానికి ప్రాణం పోయింది. ఆమె అతని ముఖం చూసింది. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అంతలో రాజేంద్ర భుజాన గుమ్మడికాయతో వస్తున్నాడు.

“అక్కా, నేను...”

“మాట్లాడొద్దు” అంది మునీశ్వరి గొంతు తగ్గించి. రాగుల మూటను ఆ కవరు మీదికి నెట్టి, అంచులు కూడా కనబడకుండా సర్దింది. “మీ బావ కంట పడకూడదు. దార్లో యాడన్నా పారెయ్యి.”

రాజేంద్ర గుమ్మడికాయను మూట పక్కన పెట్టి, తలుపు మూసి, దాని మీద చేత్తో తట్టాడు. “కొత్త స్పీకర్లు బాగుండాయప్పా. మళ్లా కోతలకు అడిగితే ఇస్తావు గదా?” అని నవ్వాడు.

“ఇస్తాను బావా” అన్నాడు జనార్దన్. అక్క వైపు మాత్రం చూడలేకపోయాడు.