యాకయ్య ఎండిన రోజు

పొద్దు పొడవకముందే బక్కమ్మ చేసే మొదటి పని మొగుడి గొంగడి పిండడం. ఒక కొసను గుమ్మం పక్కనున్న గుంజకు చుట్టి, రెండో కొసను మెలితిప్పి, కడవ నిండేదాకా పిండేది. ఆ నీళ్లు కొన్ని వాకిట్లో చల్లి, కొన్ని మేకకు పెట్టేది. మిగిలినవి పక్కింటి మొగిలమ్మ వచ్చి తన బీరపాదుకు పట్టుకుపోయేది.

"ఇయ్యాల జర తక్కువున్నయేందే?" అని మొగిలమ్మ అడిగితే, "రాత్రి సల్లగాలి కొట్టింది గదక్కా, తక్కువ కారిండు" అని బక్కమ్మ జవాబిచ్చేది.

ఆమె మొగుడు యాకయ్య మూడేళ్లుగా ఎండలేదు. వర్ధన్నపేట అవతల ఆకేరు వాగులో పాస్టరయ్యగారు అతన్ని ముంచి లేపినప్పటి నుంచి ఒంటి మీది నీళ్లు ఆగనే లేదు. ఆనాడు మాదిగవాడ నుంచి చాలామందే మునిగారు. బక్కమ్మా మునిగింది. మిగతావాళ్లంతా గంటలో ఎండి, అన్నాలు తిని, పాటలు పాడుకుంటూ ఇళ్లకు చేరారు. యాకయ్య మాత్రం జుట్టు కొసల నుంచీ మోచేతుల నుంచీ బొట్లు రాలుస్తూనే ఊళ్లోకి వచ్చాడు. మర్నాడూ అంతే, మరుసటి వానాకాలమూ అంతే. ఊళ్లో ఒకడికి మెల్లకన్ను, ఒకడికి నత్తి, యాకయ్యకు తడి. ఎండాకాలం పిల్లలు అతని చుట్టూ చేరేవాళ్లు. ప్రార్థన జరిగే పాకలో చాప తడవకుండా అతను గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. సంతలో ఉప్పు అమ్మే షావుకారు మాత్రం "దూరం, దూరం" అని అరిచేవాడు. ఆ మాట వాడలో అందరూ పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కాకపోతే యాకయ్య విషయంలో దానికి ఒక కారణమైనా ఉంది.

చిక్కంతా డప్పుతో వచ్చింది. తాతల నాటి నుంచి ఆ ఊరి అమ్మవారి జాతరలో దొర బండి ముందు డప్పు కొట్టే ఇల్లు యాకయ్యది. అందుకు ప్రతిఫలంగా చెరువు కింద రెండెకరాల డప్పు మాన్యం ఉండేది. అతను కొడితే పక్క ఊళ్లో పశువులు కూడా చెవులు నిక్కించేవని చెప్పుకునేవాళ్లు. వాగులో దిగేముందు అతను ఒక మాట అనుకున్నాడు. ఇక తన డప్పు యేసు ముందు తప్ప ఎవరి ముందూ మోగదని. అమ్మవారి మీద అతనికి కోపమేమీ లేదు, ఒకరికి మాట ఇచ్చాక ఇంకొకరి గుమ్మం ముందు నిలబడకూడదు, అంతే అతని లెక్క. తీరా చూస్తే ఆ డప్పు ఎవరి ముందూ మోగలేదు. డప్పు తోలును గడ్డిమంట మీద కాచి బిగించాలి. ఎంత కాచినా యాకయ్య చేతుల్లోకి రాగానే అది నానిన రొట్టెలా జారిపోయేది. ప్రార్థన పాకలో సైతం పాటకు చప్పట్లే దిక్కయ్యాయి.

"మోగని డప్పుకు మాన్యమెందుకు?" అన్నాడు దొర. రెండెకరాలూ దొరుండే గడీ సేద్యంలో కలిసిపోయాయి.

ఆ తర్వాత కష్టం ఒక్కటిగా రాలేదు, గుంపుగా వచ్చింది. ఎక్కడో యుద్ధమట, సర్కారు ఇంటింటికీ వచ్చి ధాన్యం పట్టుకుపోయింది. జొన్నగట్క తినే ఇళ్లు గంజికి దిగాయి. యాకయ్య పెద్దకొడుకుకు జ్వరం వచ్చింది. బండి మీద హనుమకొండ దవాఖానకు తీసుకుపోయేసరికి బండిలో బరువే మిగిలింది, పిల్లవాడు లేడు. డప్పు మానేసినందుకే అమ్మవారు తీసుకుపోయిందని ఊరంది. కొడుకును పాతిపెట్టిన చోట యాకయ్య తల వంచుకుని నిలబడ్డాడు, కింద మట్టి బురదయ్యింది. మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లి పాక గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

"మనిషి కాదు, రాయి" అనుకున్నారు జనం. అక్కడే పొరబడ్డారు. అంతవరకూ యాకయ్య ఎవరికీ కొట్టనని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అతని బదులు నీళ్లే చెప్పేవి.

ఆ ఏడు జాతర ముందు దొర కబురు పెట్టాడు. యాకయ్య గడీ మెట్ల కింద చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"యాకా, ఈసారి వరంగల్ నుంచి తహసీల్దారు వస్తాండు. నా బండి ముంగట నీ డప్పే మోగాలె. మోగితె చెరువు కింది మాన్యం నీకే. మీ దేవుణ్ణి ఇంట్ల పెట్టుకో, నేనొద్దంటలేను" అన్నాడు దొర.

యాకయ్య రెండు చేతులూ చాపి చూపించాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"నీ కాల్మొక్త దొరా, ఈ చేతులతోని ఎట్ల మోగుతది?"

"ఎండితె?"

"ఎండితె కొడ్త దొరా."

గాడిదకు కొమ్ములు మొలిస్తే అన్నట్టే ఉంది ఆ మాట. దొర నవ్వాడు, గడీ మనిషి ఎల్లస్వామి నవ్వాడు, యాకయ్య కూడా నవ్వి, ఏ చిక్కూ లేకుండా బయటపడ్డాననుకుని ఇంటికొచ్చాడు. బక్కమ్మకు కూడా చెప్పి నవ్వించాడు.

మర్నాడు పొద్దున్నే బక్కమ్మ గొంగడి మెలితిప్పింది. బొట్టు రాలేదు. ఇంకా గట్టిగా తిప్పింది, గుంజ కిర్రుమంది గానీ చుక్క పడలేదు. వేరే గొంగడి పట్టుకొచ్చానేమో అనుకుని లోపలికి పోయి, నిద్రపోతున్న మొగుడి తల మీద చెయ్యి వేసింది. జుట్టు జనపపీచులా గరగరలాడింది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లే. లెవ్వయ్యా. నువ్వు ఎండినవ్."

యాకయ్య లేచి తన అరచేతులు చూసుకున్నాడు. మూడేళ్లుగా ముడతలు పడి తెల్లగా నానిన వేళ్లు మామూలు రంగుకు వచ్చాయి. కడవెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకున్నాడు. వెనక్కి తిరిగేలోపు అవి ఆరిపోయాయి. ఆ మనిషి మొహం చూడలేక బక్కమ్మ చిన్నబిడ్డను ఎత్తుకుని బయటికి పోయింది.

ఊరు నిర్ఘాంతపోయింది. తడిగా ఉన్నన్నాళ్లూ వింతగా చూడని జనం, ఎండాడని తెలిసి పనులు మానుకుని వచ్చారు. ఖాళీ కడవతో వచ్చిన మొగిలమ్మ అతన్ని చూసి వాకిట్లోనే చతికిలబడింది. ముసలివాళ్లు చెయ్యి ముట్టుకుని చూసి, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒకరిద్దరు ఏడ్చారు. ఇన్నేళ్లూ ఆ తడి తమది కూడా అనుకున్నారని అప్పుడే వాళ్లకు తెలిసింది. గడీకి కబురు అందడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎల్లస్వామి వచ్చి, యాకయ్య ముంజేతిని రెండు వేళ్లతో రుద్ది చూసి, "దొరకు మాటిచ్చినవు, యాదున్నదా?" అని అడిగి వెళ్లాడు.

"కొట్టు" అంది బక్కమ్మ. "దేవుడే తడిపిండు, దేవుడే ఆరబెట్టిండు. అంటె కొట్టుమన్నట్టే గద. బిడ్డకు గంజి సుత లేదు. ఒక్క దినం కొట్టి రెండెకరాలు తెచ్చుకుంటె ఆయనకేం పోతది?"

 యాకయ్యకు మాన్యం మీద ధ్యాస లేదు. కొడుకు పోయినప్పుడు కూడా వదలని నీళ్లు ఒక నవ్వులాటకు వదిలిపోయాయి. ఆ దెబ్బ నుంచి తేరుకోలేకపోయాడు. గొంతు ఎండుకుపోతుంటే వర్ధన్నపేటకు నడిచి, పాస్టరయ్యగారి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు.

అయ్యగారు ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ వాగులో ఎందరినో ముంచిన మనిషి, తన పనికి గుర్తుగా ఇన్నాళ్లూ యాకయ్యనే చూసుకున్నాడు.

"నేనేం తప్పు చేసిన అయ్యగారూ? ఎండితె కొడ్త అన్న. ఆ మాటకేనా?"

"నిజంగ కొడ్దామనే అన్నవా?"

"లేదు. ఎండననుకున్న."

"మరి కొట్టనని దొరకు ఎన్నడన్న చెప్పినవా?"

యాకయ్య ఆలోచించాడు. "లేదు. నీళ్లే చెప్పినయి."

అయ్యగారు తన అరచెయ్యి తెరిచి అతని చేతి పక్కన పెట్టాడు. అది ముసలిదై బీటలు వారి ఉంది. "నన్ను ముంచిన్నాడు ఒడ్డెక్కంగనే ఎండిన. నా ఇంటామె సచ్చిపోయిన్నాడు సుత ఒక్క బొట్టు రాలే. మేమందరం ఎండే నమ్ముతానం యాకయ్యా. నిన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నోళ్లం." తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గడీ మాట కాదంటె ఏమైతదో నాకెరికే. కొట్టకు అని నిన్ను పంపే ధైర్యం నాకు లేదు. ప్రార్థన చేస్త."

జాతర రోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. గడీ ముందు ఎడ్లబండికి పసుపు పూసి వేపకొమ్మలు కట్టారు. తహసీల్దారు కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ఎల్లస్వామి యాకయ్య డప్పును గడ్డిమంట మీద కాచి తెచ్చి, అతని చేతుల్లో పెట్టాడు.

తోలు బిగిసి ఉంది. మూడేళ్ల తర్వాత బిగిసిన తోలు మీద అతని వేలు ఊరుకోలేకపోయింది, ఒకసారి తగిలింది. కంగుమని మోగింది. జనమంతా తలలెత్తారు. ఆ ఒక్క మోతకే యాకయ్యకు ఒళ్లు పులకరించింది. మాన్యం ఆశ పెట్టలేకపోయిన చోట ఆ చప్పుడు ఆశ పెట్టింది. ఇంకొక్క దెబ్బ, ఆ తర్వాత ఆపడం తన చేతుల్లో ఉండదని అతనికి తెలుసు. డప్పు కొట్టే పుల్లలు, చిర్రా, సిటికెనపుల్లా, వేళ్ల మధ్య ఇరికించుకున్నాడు కూడా.

అప్పుడు వాటిని నేల మీద పెట్టాడు. డప్పును వాటి పక్కన బోర్లించాడు.

"దొరా, నిన్న మొన్నటిదాక చేతులు తడి అని చెప్పిన. ఇయ్యాల చేతులు పొడిగనే ఉన్నయి. చేతులది కాదు. నేనే కొట్ట."

 గడీ మెట్ల ముందు నిలబడి, పట్టపగలు, నలుగురి ముందు దొరకు 'కొట్ట' అని ఆ ఊళ్లో ఎవరి తాతా చెప్పలేదు. తహసీల్దారు చేతిలో మజ్జిగ ఒలికింది. దొరకు కోపం రావడానికి ముందు ఆశ్చర్యం వచ్చింది. తర్వాత గడీ గోడకు ఆనించిన బండ వైపు వేలు చూపించాడు.

మాట విననివాణ్ణి గోడ పక్కన వంగబెట్టి వీపు మీద పెట్టే బండ అది. దించమని దొర నోటితో అనేదాకా దించకూడదు. కిందటేడు నర్సంపేట నుంచి వచ్చిన జీతగాడు ఒకడు నీళ్లు లేక దాని కిందే చచ్చిపోయాడు. ఎల్లస్వామి యాకయ్య కళ్లలోకి చూడకుండా బండ ఎక్కించాడు. "కొడ్త అంటె దించుత" అన్నాడు దొర. వేరేవాళ్ల డప్పులతో బండి కదిలిపోయింది, జనం దాని వెంట పోయారు.

యాకయ్యకు కిందనున్న దుమ్ము తప్ప ఏమీ కనపడటం లేదు. నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఒకప్పుడైతే ఈ ఎండ అతన్నేం చేసేది కాదు. ఇప్పుడు వీపు కాలుతోంది, చెవుల్లో హోరు. 'కొడ్త' అనడానికి కూడా నోట్లో తడి లేదు, అదొక్కటే మేలనుకున్నాడు. ప్రార్థన చేద్దామంటే మాటలు గుర్తు రాలేదు. "ఎండినా నీవోణ్ణే" అని మాత్రం లోపల అనుకున్నాడు.

దుమ్ములో ఒక బొట్టు పడింది. పక్కనే ఇంకొకటి. మెడ మీద చల్లగా తగిలి, చెంప మీదుగా జారి గడ్డం కొసన ఆగింది. తన నీళ్లు తిరిగొచ్చాయనుకుని యాకయ్యకు ఏడుపొచ్చింది. కళ్లు తిప్పి చేతులు చూసుకున్నాడు. అవి పొడిగానే ఉన్నాయి. వాటి పక్కన రెండు ఆడ పాదాలు, వాటి చుట్టూ తడిసిన మట్టి.

బక్కమ్మ అతని మీదికి వంగి నిలబడి ఉంది. విప్పిన జుట్టు కొసల నుంచి, కొంగు నుంచి, మోచేతుల నుంచి నీళ్లు ధారలు కడుతున్నాయి. తన చేతులను తనే నమ్మలేనట్టు చూసుకుంటోంది.

"ఇవి నాయి కావు" అన్నాడు యాకయ్య.

"ఎవలియైతేంది. నోరు తెరువు."

ఎల్లస్వామి ఆమెను లాగేద్దామని వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి తడిసింది. దాన్ని కాసేపు చూసుకుని, రుమాలుకు తుడుచుకుని, పోయి నీడలో కూర్చున్నాడు.

పొద్దు వాలే వేళకు బండి తిరిగొచ్చింది. దొర చచ్చిన మనిషిని చూడబోతున్నానని అనుకున్నాడు కాబోలు, ఊపిరి తీస్తున్న యాకయ్యను చూసి మెట్ల మీదే ఆగిపోయాడు. తహసీల్దారు మొహం తిప్పుకున్నాడు. "దించుండ్రి" అని మాత్రం అని దొర లోపలికి పోయాడు. మాన్యం రాలేదు, ఎప్పటికీ రాదు కూడా. కానీ ఆ ఇంటికి డప్పు కోసం గడీ నుంచి మళ్లీ కబురు రాలేదు.

భుజం కింద చెయ్యి వేసి బక్కమ్మ మొగుణ్ణి నడిపించుకుపోతోంది. దారి పొడవునా ఆమె వెనక తడి గీత పడుతోంది.

"కొట్టుమన్నవు గద, మరెందుకొచ్చినవ్?" అని అడిగాడు యాకయ్య.

బక్కమ్మ అతని చెయ్యిని తన భుజం మీదికి ఇంకాస్త లాక్కుంది.

"ఆన్నాడు వాగుల నువ్వు దిగినవని నీ ఎంట దిగిన, గంటల ఎండిన" అంది. "నేను నీళ్లల్ల దిగింది ఇయ్యాల్నే."