నీళ్లలో క్లచ్ తొక్కకూడదు

ఏటి ఒడ్డున జీపు ఆపి, గోనెపట్టా పరిచి, ఇద్వాల్ దాని కిందికి వెల్లకిలా దూరడం ఆ వేల్స్ కొండలోయలో నలభై ఏళ్లుగా అందరూ చూస్తున్నదే. క్లచ్చూ ఫ్లైవీలూ ఉండే ఇనుప డొప్పకు అడుగున చిన్న బెజ్జం ఉంది. నీళ్లలోకి దిగే ముందు దానికి ఇత్తడి మర బిగించాలి. లేకుంటే బురదనీరు చేరి క్లచ్ పళ్లెం పాడవుతుంది. ఆవలి ఒడ్డు చేరగానే విప్పాలి; లేకుంటే ఇంజను నుంచి ఊరే నూనె బయటికి పోయే దారిలేక అదే పళ్లేన్ని నానబెడుతుంది.

ఆ ఏటి లోతు బండి నడిపేవారి దిగులును బట్టి ఉండేది. ఇద్వాల్ దిగితే నీళ్లు చక్రం బొడ్డు దాటేవి కావు. అతని భార్య మార్గెడ్ పెళ్లయిన కొత్తలో ఒక్కసారి దిగింది. ఆనాడు పొరుగువారి గడ్డివాము కొట్టుకుపోయింది. అప్పటినుంచి ఆమె పొలాల్లో నడిపేది గాని ఏటి జోలికి పోలేదు.

మార్చి నెల, గొర్రెలు ఈనే రోజులు. పొద్దున టీ తాగుతూ ఇద్వాల్ ఛాతీ పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి లేవలేదు. కొండమీద మంచు దట్టంగా కమ్మి హెలికాప్టరు రావడానికి వీల్లేదని ఫోనులో అన్నారు; అంబులెన్సు ఏటికి అవతల, చర్చి దగ్గర ఆగుతుందన్నారు.

మార్గెడ్ మర బిగించింది. రెండుసార్లు బిగించింది. స్టీరింగు ముందు కూర్చున్నాక, నిజంగా బిగించానా అన్న అనుమానం మొదలైంది.

జీపు ఏట్లోకి దిగగానే నీళ్లు చక్రాలు దాటి తలుపు అంచుకు వచ్చాయి.

"క్లచ్ మీద కాలు తియ్యి," అన్నాడు ఇద్వాల్. "నీళ్లలో తొక్కితే బురదంతా లోపలికి లాక్కుంటుంది. ఇక కదలదు."

"తీశాను."

"తియ్యలేదు. నీ బూటు ఇంకా దానిమీదే ఉంది, కనబడుతూనే ఉంది."

ఆమె కాలు తీసింది. నీళ్లు లోపలికి వచ్చి చీలమండలను ముంచాయి. ఇంజను గొంతు మారింది. ఇద్వాల్ పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె అది చూసింది. నీళ్లు మరో జానెడు లేచాయి.

"చర్చి పోటీలో నీ ఎండుద్రాక్ష రొట్టెకు రెండో బహుమతి వచ్చింది చూడు," అన్నాడతను ఆయాసపడుతూ.

"ఇప్పుడా ఆ మాట?"

"పోటీకి వచ్చింది ఇద్దరే."

"ముగ్గురం."

"మూడోది పాస్టరమ్మ. ఆమె రొట్టె దారిలో కుక్క తినేసింది. నీది కూడా దాని ముందు పెట్టి చూశాను. వాసన చూసి, పాతిపెట్టి వచ్చింది."

"నలభై ఏళ్లు నా చేతి రొట్టె మెక్కి, ఇప్పుడు ఈ మాటా? నీ అక్క చేసే సున్నపు గారలాంటి రొట్టెకంటే నయం కాదూ నాది? చెప్పు!"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దులిపేయవలసిన మాటలు వరుసగా గుర్తొస్తుండగా దిగులుకు చోటు లేకపోయింది. నీళ్లు తలుపు దిగాయి, చక్రాలు దిగాయి. జీపు గులకరాళ్ల మీద కరకరలాడుతూ ఒడ్డెక్కింది.

"ముందు మర విప్పు," అన్నాడు ఇద్వాల్, అంబులెన్సువాళ్లు పడుకోబెట్టిన స్ట్రెచరు మీదినుంచి.

ఆమె విప్పింది. ఒక్క నూనెచుక్క రాలింది, నీరు లేదు. లేచి చూసేసరికి అంబులెన్సు మలుపు తిరిగింది.

ఈనే గొర్రెలను వదలడానికి లేదు. మళ్లీ మర బిగించి ఇంటిదారి పట్టబోయింది. ముందు చక్రాలు తడిశాయో లేదో, ఏరు ఒడ్డున ఉన్న చెట్ల కొమ్మలను అందుకుంది. ఆమె గబగబా జీపు వెనక్కి తీసి, మర విప్పి, గొర్రెల సంగతి చూడమని పొరుగువారికి ఫోను చేసి, ఆసుపత్రికి బయలుదేరింది.

వార్డులో ఇద్వాల్ మంచం దిగి, కోటు తొడుక్కుని, బూట్ల కోసం వంగి వెతుకుతున్నాడు.

"అమ్మా, మీరైనా చెప్పండి," అన్నది నర్సు. "సాయంత్రం లోపల ఆపరేషను జరగాలి. ఈయన సంతకం పెట్టనంటున్నారు."

"నాకేమీ కాదు," అన్నాడు ఇద్వాల్. "గొర్రెలు ఈనుతున్నాయి. నువ్వింటికి పోలేదేం?"

"ఏరు దాటనివ్వలేదు."

"ఎంత లోతుంది?"

మార్గెడ్ చెయ్యి తలకంటే పైకి, ఇంకా పైకి ఎత్తి, మునివేళ్ల మీద నిలబడింది.

అతను ఆ చేతిని చూశాడు. తరువాత కుడిచేత్తో మెల్లగా కోటు బొత్తాలు విప్పుకోసాగాడు.