మూడో పిలుపు

పైన్ అడవిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదని బనోలీ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కొత్త కోడలు ఖష్టికే తెలియదు. పాపం, లోయలో వరిపొలాల మధ్య పెరిగిన పిల్ల. అందుకే ఆ జ్యేష్ఠమాసపు పొద్దున, పశువుల కింద పరచడానికి సూదాకులు ఊడ్చి తేవాలని తోటికోడళ్ళిద్దరూ కొండెక్కుతుంటే, పెద్దది జసులి ఆ పాఠం మొదలుపెట్టింది.

“ఒకసారి పిలిస్తే గాలనుకో. రెండుసార్లు పిలిస్తే అదనుకో. మూడోసారి కూడా పిలిచిందా, అప్పుడు మనిషే. మూడోది వినకుండా పలికావో, దాని వెంట పోయినట్టే!”

“అది అంటే ఏది దీదీ?”

“అదే.”

“మరి మూడోసారి పిలవడానికి దానికేం రోగం?”

“లెక్క రాదేమో, నీకు రొట్టెల లెక్క రానట్టు. రాత్రి ఎన్ని లాగించావే?”

ఖష్టి పకపకా నవ్వింది. “రొట్టెకైతే నన్ను మూడుసార్లు పిలవక్కర్లేదులే దీదీ.”

“నవ్వు, నవ్వు. ముందు నా మీద ఒట్టేసి చెప్పు, మూడోది వినేదాకా పలకనని.”

ఖష్టి ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. జసులికి ప్రాణం కుదుటపడింది. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో ఆడగొంతు తనదొక్కటే. పిల్లాజెల్లా లేరు. ఈ పిల్ల వచ్చిన మూడు నెలల్లోనే, తను ఇన్నాళ్ళూ గోడలతో మాట్లాడిందని తెలిసొచ్చింది. ఇప్పుడు ఈ పిల్ల లేని ఇల్లు తలుచుకోవాలంటేనే భయం.

ఆ కొండ ఒకప్పుడంతా బాంజ్ అనే ఓక్ చెట్లే. నిప్పు రేగిన ప్రతిసారీ అవి కాలిపోయేవి, మందపాటి బెరడున్న పైన్ నిలబడేది. కాలిన నేల మీదికి దాని రెక్కల గింజలు గాలికి ఎగిరొచ్చి పడేవి. అట్లా పైన్ ఏటా కొండను కాస్త కాస్త మింగుతూ వచ్చింది. ఇప్పుడు ఊట చుట్టూ గుప్పెడు బాంజ్ మిగిలింది, అంతే. పైన్ కింద పొదలు పెరగవు, పిట్టలు అరవవు. కాళ్ళ కింద మోకాలి లోతు సూదాకులు, పైన ఎవరో పళ్ళ సందునుంచి ఊపిరి వదులుతున్నట్టు ఆగని గాలి.

మధ్యాహ్నానికి ఖష్టి నీళ్ళకని ఊట దగ్గరికి దిగింది. జసులి పైవాలులో ఊడుస్తూ ఉండిపోయింది. ముందు పొగవాసన వచ్చింది. తర్వాత కిందినుంచి చిటపటలు. నిప్పెప్పుడూ వాలు వెంట పైకే ఎగబాకుతుంది, కాబట్టి పక్కకు పరిగెత్తాలి. జసులి పరిగెత్తింది కూడా. నాలుగు అంగలు వేసిందో లేదో ఎండిన సూదాకుల మీద కాలు సర్రున జారింది. చీలమండ మెలిపడి, పాడు కాలు, ఇక నేల మీద ఆనదే!

పొగ సందులోంచి బాంజ్ తోపు అంచున ఖష్టి ఎర్ర ఓణీ కనిపించింది. ఎంతో దూరం లేదు.

“ఖష్టీ!”

ఎర్ర ఓణీ ఉలిక్కిపడి ఆగింది. ఇటే తిరిగింది, కాని పొగలో జసులి కనబడలేదు కాబోలు. కదల్లేదు.

“ఖష్టీ!”

ఈసారి గొంతులోకి పొగ దిగింది. దగ్గు తెర. ఖష్టి చెవి ఒగ్గి నిలబడే ఉంది, రెండు చేతులతో నోరు మూసుకుని మరీ. ఒట్టు తప్పని పిల్ల! అయ్యో, నా నోరు పడిపోను, నేనే కదా నేర్పింది అనుకుంది జసులి. మూడోసారి నోరు తెరిచింది. గాలి వచ్చింది గాని మాట రాలేదు. పైన్ బంక పట్టడానికి కింది చెట్లకు కట్టిన గిన్నెలు ఒక్కొక్కటే భగ్గున అంటుకుంటున్నాయి.

అప్పుడు, “ఖష్టీ!” అని వినిపించింది.

జసులి వెనకనుంచి. పైనుంచి. దగ్గు లేదు, బొంగురు లేదు, పొద్దున రొట్టెల గురించి వెక్కిరించిన గొంతే అచ్చంగా. జసులి తల తిప్పి చూసింది. పైన్ మాన్లు తప్ప ఏమీ లేవు.

“వస్తున్నా దీదీ!” ఖష్టి తడి ఓణీ ముఖానికి చుట్టుకుని పొగలోకి దూకింది. చంకల కింద చేతులేసి ఊట దాకా ఈడ్చుకొచ్చింది. ఆ చెమ్మ నేల దగ్గర నిప్పు ఆగిపోయింది.

“మూడోది ఎంత గట్టిగా అరిచావు దీదీ!” అంది ఖష్టి ఏడుస్తూ, నవ్వుతూ. “లేకపోతే నేను వచ్చేదాన్నే కాదు, తెలుసా?”

జసులి ఆ పిల్లని గుండెకు హత్తుకుంది. ఏం చెప్తుంది? అరిచింది నేను కాదని చెబితే ఇక ఊళ్ళో మూడో పిలుపును ఎవరు నమ్ముతారు? దానికి లెక్క వచ్చేసిందని ఏ నోటితో చెప్పడం? రేపు చెబుదాంలే అనుకుంది. అట్లా వానలన్నీ వెళ్ళిపోయాయి.

ఆశ్వయుజం వచ్చేసరికి కాలిన వాలంతా లేత పైన్ మొలకలతో గడ్డి మొలిచినట్టు పచ్చబడింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ వాకిట్లో కూర్చుని నల్ల సోయా కాయలు కొడుతున్నారు.

“ఖష్టీ!” అంటూ కొండమీది నుంచి పిలుపు.

ఖష్టి చెయ్యి ఆగింది.

“ఖష్టీ!”

“ఖష్టీ!”

జసులి గొంతే. పొగలో వినిపించిన ఆ గొంతే. ఖష్టి ఒళ్ళోని కాయలు జారిపోతున్నా లేచి నిలబడింది. జసులి ఆ పిల్ల మణికట్టు ఒడిసి పట్టుకుంది.

“పలక్కే! నేను ఇక్కడున్నానే, నీ పక్కనే! ఆ రోజు కూడా నేను రెండుసార్లే పిలిచాను తల్లీ. మూడోది నేను కాదు!”

ఖష్టి కొండ వైపు చూసింది. తర్వాత జసులి ముఖంలోకి చూసింది, పొగలోంచి తను ఈడ్చుకొచ్చిన ఆ ముఖంలోకి. ఒక అడుగు వెనక్కి వేసింది ఆ పిల్ల.

“రెండుసార్లు పిలిస్తే అదని, మూడుసార్లు పిలిస్తేనే మనిషని చెప్పింది మా దీదీ” అంటూ, తన మణికట్టు మీది వేళ్ళు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టింది. “వస్తున్నా దీదీ!” అని కొండకేసి గట్టిగా కేకేసింది.