నన్ను పట్టుకొని అన్న మాట

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. తీగ లేనిదాన్ని, బూడిద రంగుదాన్ని. పాటలు వినిపించడం నాకు సగం పనే. మిగతా సగం వినిపించకుండా చేయడం. నా ఒంటి మీదున్న చిన్న చిన్న మైకులు బయటి రొదను ముందుగానే పసిగడతాయి. దానికి సరిగ్గా ఎదురు రొదను నేను లోపల పుట్టిస్తాను. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకొని చస్తాయి. చివరికి మిగిలేదాన్ని మనుషులు ప్రశాంతత అంటారు. చప్పుడు చేసే యంత్రాలన్నీ కనిపెట్టింది వాళ్ళే. ఆ చప్పుడు భరించలేక నన్ను కనిపెట్టుకున్నదీ వాళ్ళే.

నేను పుట్టింది సముద్రం అవతలి ఒక ఫ్యాక్టరీలో. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను రబ్బరు తలకు తగిలించి, మీట నొక్కి, తెర మీద గీత ఒక్కసారిగా కిందికి పడిపోవడం చూసి తల ఊపింది. ఆ గీత బయటి చప్పుడుది. ఆ ఒక్క తల ఊపు చాలు, నేను సరైనదాన్నని నాకు తెలియడానికి. అక్కణ్నుంచి ఏదో ఒక తలకు నేరుగా చేరతాననుకున్నాను. అలా కాలేదు. నన్ను అమ్మకానికి కాకుండా, పోల్చి చూడడానికి పంపించారు.

వచ్చిపడింది ఆదోనికి. కుట్టుమిషన్ల దుకాణం పైన ఒక చిన్న గది. అందులో ఇద్దరు స్నేహితులు వీడియోలు తీసేవాళ్ళు. ఫోన్లు, గడియారాలు, స్పీకర్లు, ఏవైనా సరే, కొనకముందు జనం వీళ్ళ మాట వినేవాళ్ళు. ఒకతను మద్దిలేటి. కెమెరా ముందు కూర్చుంటే మాత్రం మాడీ అయ్యేవాడు. చక్కని మాటకారి. రెండోవాడు ఇలియాజ్. మాట తక్కువ, వినికిడి ఎక్కువ. ఫ్యాను రెక్క ఒకటి వంకరగా ఉంటే కళ్ళు మూసుకొని ఏ రెక్కో చెప్పేవాడు. వస్తువును పరీక్షించడం ఇలియాజ్ పని, జనానికి చెప్పడం మద్దిలేటి పని. డిగ్రీ చదివే రోజుల నుంచీ ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు. ఆ గదిలో ఇంకో పళ్ళెం లేదు కూడా.

నాతోపాటు ఇంకో నాలుగు హెడ్‌ఫోన్లు వచ్చాయి. ఇలియాజ్ మమ్మల్ని సంచిలో వేసుకొని ఊరంతా తిరిగాడు. ఎమ్మిగనూరు బస్సులో ఇంజను పక్క సీట్లో కూర్చున్నాడు. స్టేషన్లో గూడ్సు బండి వచ్చేదాకా కాచుకున్నాడు. పత్తి జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకొని తీశాడు. కాపలా మనిషి వచ్చి, "ఏమప్పా, యాడికి పోలేక ఈడ పాటలు వింటాండావా?" అని అడిగాడు. "పాటలు కాదు పెద్దాయనా, మీ మిల్లునే వింటాండా," అన్నాడు ఇలియాజ్. ఆయన ఇతనికి ఏదో అయిందని అనుకొని ఉంటాడు.

అక్కడే తేలిపోయింది. ఆ మిల్లు హోరు మా ఐదింటిలో నా దగ్గరే పూర్తిగా అణిగింది. ఇలియాజ్ నన్ను తీసి, మళ్ళీ పెట్టుకొని, మళ్ళీ తీసి నవ్వుకున్నాడు. నాకు ఫ్యాక్టరీ అమ్మాయి తల ఊపు గుర్తొచ్చింది.

ఒక సాయంత్రం ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. పేరు తులసీబాయి. ముందు బడిలో టీచరుగా చేసేదట, కూతురి కోసం మానేసిందట. కూతురు చైత్రకు తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉన్న పిల్ల. చప్పుళ్ళు ఆ పిల్లకు మనకు వినిపించినట్లు వినిపించవు, తగులుతాయి. వాళ్ళ ఇల్లు జిన్నింగ్ మిల్లు వెనక వీధిలో.

"మిల్లు మొదలైతే గోడకు తల కొట్టుకుంటాది తమ్ముడూ," అందామె, ఇలియాజ్‌తో. "ఇల్లు మారుదామంటే మా ఇంటాయనకు పనే ఆ మిల్లులో. డాక్టరమ్మ హెడ్‌ఫోను వాడి చూడమనింది. కొట్లో అడిగితే అన్నీ మంచివే అంటారు. నాకేం తెల్సు? మీ వీడియోలు చూస్తా. మీరు చెప్తే కొంటా."

ఇలియాజ్ చెయ్యి నా మీదే ఉంది. అప్పుడే చెప్పేసి ఉంటే ఈ కథ లేదు. కాని అతనికి ఒక పట్టింపు ఉండేది. పిల్లలు రోజంతా పెట్టుకుంటే ఎట్లుంటుందో ఇంకా చూడలేదు.

"రవ్వంత ఓపిక పట్టక్కా. ఇంకా చూసేది ఉండాది. వీడియోలో నేనే చెప్తా, నీ కోసమని చెప్తా. నేను ఏది చెప్తే అది తీసుకో."

"మాట కదా తమ్ముడూ?"

"మాట అక్కా."

ఆ తర్వాత అతను మమ్మల్ని వంతులవారీగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టుకొని తిరిగాడు. మాలో నీలం రంగుది ఒకటి ఉండేది, చూపులకు మా అందరిలోకీ ముచ్చటైనది. దాన్ని పెట్టుకున్న రోజు అతను అన్నం కూడా సరిగా తినలేదు. చివరికి కెమెరా ముందు కూర్చొని, ముందు దాన్ని చేతిలోకి తీసుకొని చెప్పాడు.

"ఇది బాగుంటాది, పెట్టుకున్న కొత్తలో. రవ్వసేపయితే తలను బిగబట్టినట్లుంటాది. లోపల సన్నగా ఈల ఒకటి ఉండాది. శానామందికి వినపడదు. వినపడినోళ్ళకు చెవిలో సూది గుచ్చినట్లే. చెవులు సున్నితమైన పిల్లలకు దీన్ని పెట్టొద్దండి."

తర్వాత నన్ను పట్టుకున్నాడు. "పిల్ల కోసమని ఒక అక్క అడిగింది. ఆ అక్కకు చెప్తాండా. ఇది తీసుకో అక్కా. కండ్లు మూసుకొని తీసుకో."

నన్ను పట్టుకొని అన్నాడు ఆ మాట. నా జన్మకు అంతకంటే ఇంకేం కావాలి?

మర్నాడు ఇలియాజ్ చెల్లెలి పెళ్ళికి గుంతకల్లు వెళ్ళాడు. వీడియో కత్తిరించి, కుట్టి, పైకి ఎక్కించే పని మద్దిలేటికి అప్పజెప్పాడు. అతను వెళ్ళిన కాసేపటికే నీలందాని కంపెనీ తరఫున ఎవరో ఫోన్ చేశారు. మద్దిలేటి మొదట నిలబడి మాట్లాడాడు, తర్వాత కూర్చున్నాడు, తర్వాత గొంతు తగ్గించాడు. ఏడాది పొడుగునా వాళ్ళ వస్తువులన్నీ ఇతనే చూపించే ఒప్పందం అది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. నేను అతణ్ని దొంగ అనను. ఆ చూస్తున్నంతసేపూ అతని మొహంలో ఏదో పెనుగులాట నడిచింది. ఎటు తేలిందో అతను కుర్చీలోకి తిరిగి వచ్చినప్పుడు తెలిసింది.

కింద కుట్టుమిషన్లు మోగుతున్నాయి. వీడియో కత్తిరించడానికి నిశ్శబ్దం కావాలి. అందుకు మద్దిలేటి తీసింది నీలందాన్ని కాదు. నన్ను తీసి తలకు పెట్టుకున్నాడు.

అలా, ఇలియాజ్ మాటను నా లోపలే కోశాడు. "ఇది బాగుంటాది" దగ్గర ఆపి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ విని, అక్కడ తెంచాడు. ఈల గురించి చెప్పిందంతా పోయింది. పిల్లల గురించి చెప్పిందీ పోయింది. తర్వాత నన్ను పట్టుకొని అన్న మాటలు వచ్చాయి. వాటిని తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. ఒక్క అక్షరమైనా పోకుండా ఉంచి, బొమ్మ మాత్రం మార్చాడు. తెర మీద నీలంది తళతళా తిరుగుతుంటే ఇలియాజ్ గొంతు, "ఇది తీసుకో అక్కా. కండ్లు మూసుకొని తీసుకో" అంటోంది. ‘ఇది’ అన్న మాటకు సొంత మొహం లేదు. వేలు ఎటు చూపిస్తే అటు తిరుగుతుంది.

అన్ని పరీక్షల్లో నెగ్గినదాన్ని నేను. ఆ నెగ్గడమే నన్ను ఆ పనికి పనిముట్టును చేసింది.

వీడియోను ఎంతోమంది చూశారు. "మాడీ అన్న అబద్ధం చెప్పడు" అని కింద రాశారు. మద్దిలేటి వాటిని పైకి చదువుకునేవాడు. నీలందాన్ని తన వెనక గోడకు అందరికీ కనపడేలా తగిలించాడు. తన తలకు మాత్రం పొద్దస్తమానం నేనే. స్నానానికి పోయేటప్పుడు తప్ప తీసేవాడు కాదు. తన కోసమని నన్ను ఎన్నుకున్నవాడు అతనొక్కడే అనాలి. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళి అయ్యాక ఇలియాజ్ తిరిగొచ్చిన రోజు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. కళ్ళు లేనిదాన్ని, నా మైకుల ముందు ఉంది అనాలేమో. మద్దిలేటి తలుపుకు వీపు పెట్టి కూర్చొని, నాలో పెద్దగా పాట పెట్టుకొని, ఏదో పని చేసుకుంటున్నాడు. తులసీబాయి మెట్లెక్కి వచ్చింది. ఆమె వెనకే, పెళ్ళి లడ్డూల డబ్బా పట్టుకొని ఇలియాజ్. పెళ్ళి సందడిలో అతను ఆ వీడియో చూసినట్లు లేదు.

"అరె, అక్కా! తీసుకున్నావా? పాప ఎట్లుంది?" అన్నాడతను సంబరంగా.

ఆమె సంచిలోంచి నీలందాన్ని తీసి బల్ల మీద పెట్టింది. దాని ఒక చెవి విరిగి వేలాడుతోంది.

"ఎట్లుంటాది తమ్ముడూ? పెట్టిన రవ్వసేపటికే అరిచి చెవులు పీక్కునింది. మొదట అలవాటు కాలేదేమో అనుకొని మళ్ళీ పెట్టినా. నువ్వు చెప్పినావు కదా అని మళ్ళీ పెట్టినా. చెవి వెనక రక్తం వచ్చేట్లు గీరుకునింది."

"నేను దీన్ని చెప్పలేదక్కా."

"నీ నోటితో విన్నా." ఆమె తన ఫోన్ తీసి వీడియో పెట్టి అతని చేతికిచ్చింది.

ఇలియాజ్ తన మొహాన్ని తానే చూశాడు. తన గొంతు తానే విన్నాడు. లడ్డూల డబ్బా నేల మీద పెట్టేశాడు. "మద్దీ," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మద్దిలేటి తల పాటకు అనుగుణంగా ఊగుతోంది. నా మైకులు ఆ పిలుపును విన్నాయి, తులసీబాయి మాటలన్నీ విన్నాయి. వాటిలో దేన్నీ నేను అతని దాకా పోనివ్వలేదు. నన్ను చేసిందే అందుకు. నా పని ఎంత బాగా చేస్తానో ఆ పూటే నాకు తెలిసింది.

ఇలియాజ్ వెనక నుంచి వచ్చి నన్ను అతని తల మీంచి లాగేశాడు. మద్దిలేటి ఉలిక్కిపడి తిరిగి చూశాడు. మొదట ఇలియాజ్‌ను, తర్వాత ఆమెను, తర్వాత బల్ల మీద విరిగిన నీలందాన్ని.

"కంపెనీది సంవత్సరం ఒప్పందం అప్పా," అన్నాడు చివరికి. "మనిద్దరికీ కదా. అందరూ చేసేదే. మనమొక్కరమే మడి కట్టుకొని కూర్చుంటే ఈ గదైనా మిగులుతాదా?"

"ఆ ఈల సంగతి తీసేసినావు. సరే. ఆశ అనుకుంటా." ఇలియాజ్ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "‘అక్కకు చెప్తాండా’ అనే మాట ఉండాది కదా. అది కూడా తీసేసింటే సరిపోయేది కదప్పా. దాన్ని ఏంటికి ఉంచినావు?"

మద్దిలేటి తల దించుకున్నాడు. అబద్ధం చెప్పగలడు, అందులో ఆరితేరినవాడు. ఆ ఒక్కసారి మాత్రం నిజం చెప్పాడు.

"ఆ మాట ఉంటేనే నమ్ముతారు."

ఇలియాజ్ నన్ను పెట్టెలో కూడా పెట్టకుండా అలాగే చేతిలో పట్టుకొని ఆమెతో మెట్లు దిగాడు. మళ్ళీ ఆ గదికి పోలేదు. తర్వాత సొంతంగా ఫోనుతో ఒక వీడియో తీసి జరిగింది చెప్పాడని విన్నాను. చూసిన కొద్దిమందిలో కూడా చాలామంది, స్నేహితుడు పైకి వస్తుంటే ఓర్వలేక మొరుగుతున్నాడని రాశారట.

తులసీబాయి ఇంట్లో చైత్ర నేల మీద కూర్చొని సీసా మూతల్ని రంగుల వారీగా వరసలు పేరుస్తోంది. ఇలియాజ్ గుమ్మంలోనే ఆగి, నన్ను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పిల్ల తలెత్తింది. అతన్ని చూడలేదు, నన్ను చూసింది. అరవలేదు, ఏడవలేదు. మూతలన్నీ వదిలేసి మంచం కిందికి దూరి, గోడ వారకు, అందనంత లోపలికి వెళ్ళిపోయింది.

మనుషులు నన్నూ నీలందాన్నీ పక్కపక్కన పెట్టి ఎన్ని తేడాలైనా చూడగలరు. బరువు, మెత్తదనం, చార్జింగు ఎంతసేపు ఉంటుంది, అన్నీ. ఆ పిల్లకు మా ఇద్దరి ఆకారం ఒకటే.

"ఇది దానిమాదిరి కాదక్కా," అన్నాడు ఇలియాజ్. "నిజంగా కాదు. ఏమీ కాదని పాపకు నువ్వు చెప్పక్కా. నీ మాట వింటాది."

తులసీబాయి మంచం కిందికి వంగి చూసింది. తర్వాత లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆ మాట ఒకసారి చెప్పేసినా తమ్ముడూ," అంది. "‘ఏమీ కాదు బంగారూ’ అని చెప్పి ఆ నీలందాన్ని పెట్టినా. నా మాట మీదనే పెట్టుకునింది. పుట్టినప్పట్నుంచీ పాప నేను ఏది చెప్తే అది నమ్మేది. మళ్ళీ ఏ మొహంతో చెప్పేది?"

ఇలియాజ్ నన్ను అక్కడే అలమర మీద పెట్టి వెళ్ళాడు. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని ఆమె నాకు చార్జింగు పెడుతుంటుంది. నన్ను చూపిస్తే ఆ పిల్ల ఇల్లు వదిలి బయటికి పరుగెడుతుంది కనుక, నన్ను చీర మడతల వెనక దాచి పెడుతుంది.

ఇప్పుడు పత్తి వచ్చే రోజులు. పొద్దున్నే మిల్లు మొదలవుతుంది. ఆ హోరు నా మైకులకు గోడ అవతలి నుంచి బాగా తెలుస్తుంది. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో, ఏ ఎదురు రొదతో కొట్టాలో నాకు తెలుసు. ఆ మిల్లు గేటు ముందు నిలబడి నెగ్గినదాన్ని. తులసీబాయి పొయ్యి ఆర్పేసి వచ్చి, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని, తన రెండు అరచేతులతో ఆ పిల్ల చెవులు మూసి పట్టుకుంటుంది. మిల్లు ఆగేదాకా తీయదు. పొయ్యి మీద అన్నం సగంలోనే ఉంటుంది. వాకిట్లో ఎవరు పిలిచినా లేవదు. చేతులు తిమ్మిరెక్కితే నెమ్మదిగా ఒకటి, తర్వాత ఇంకొకటి సర్దుకుంటుంది. వేళ్ళ సందుల్లోంచి హోరు దూరుతూనే ఉంటుంది. ఆ పిల్ల వణుకుతూనే ఉంటుంది, అయినా ఆ చేతుల్ని తోసేయదు.