అరవై మూడు చుక్కలు

వాషింగ్ మెషిన్ పనైపోయిందని మూడుసార్లు కూసింది. ఆదివారం. సోఫాలో ఆయన ఉన్నారు, పక్క కుర్చీలో అత్తయ్య, కింద చాప మీద కూతురు. ముగ్గురూ విన్నారు. ముగ్గురూ నా వైపు చూశారు. నేను తెర మీద ఒక అక్షరం తోక సవరిస్తున్నాను. దాని పక్కన చుక్క పెట్టి లేచాను.

నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. పన్నెండేళ్లుగా సొంతంగానే చేస్తున్నాను. ఆఫీసంటే భోజనాల బల్లకి కిటికీ వైపు మూల. మందుల పెట్టెలు, సబ్బు కవర్లు, పుస్తకాల అట్టలు నా పని. ఇవి కాక నా కోసం చేసుకునేవి కొన్ని ఉంటాయి. దుకాణాల షట్టర్ల మీద పెయింటర్లు వేసిన అంకెలు ఫోటో తీసి దాచుకుంటాను. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టల రంగులు ఏ వరసలో ఉన్నాయో పుస్తకంలో వేసుకుంటాను. "ఇవన్నీ ఎవరికి?" అని ఆయన ఓసారి అడిగారు. నాకే అన్నాను. "అంటే ఖాళీగానే ఉంటున్నావన్నమాట" అన్నారు.

చుక్కలు మూడేళ్ల కిందట మొదలయ్యాయి. వీధి చివర బట్టలు కుట్టే ఆమె దగ్గర కూర్చున్నాను. కుట్టు మధ్యలో ఉండగా లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఆమె సుద్దముక్కతో బట్ట మీద చిన్న గీత పెట్టి లేచింది. ఎందుకని అడిగితే, "వచ్చాక వెతుక్కోకుండా. పిలవడం వాళ్ల పని, గుర్తు పెట్టుకోవడం నా పని" అంది. మర్నాటి నుంచి నేనూ పెట్టుకున్నాను. కంప్యూటర్‌లో ఒక డిజైన్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శకమైన కాగితాల్లాంటిది. అన్నిటికన్నా పైన చుక్కల కోసం ఒక కాగితం వేశాను. ఎవరైనా లేపితే, ఆగిన చోట చుక్క. అత్తయ్య లేపితే పసుపు, ఆయన లేపితే నీలం, కూతురు లేపితే ఎరుపు, తలుపు కొట్టినవాళ్లకి ఆకుపచ్చ. పని పూర్తయ్యాక ఆ కాగితాన్ని కనపడకుండా చేసి ప్రెస్‌కి పంపేదాన్ని.

పోయిన నెలలో మరిది కళ్లజోళ్ల షాపు పెట్టాడు. "వదినా, కార్డు నువ్వే చెయ్యాలి. నీకెంతసేపు?" అన్నాడు. నాలుగు రోజులు పట్టింది. చివరి రోజు ఫైలు పంపబోతుంటే ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. పాస్‌పోర్టు నకలు ఎక్కడుందో చూడమన్నారు. ఫోన్ చెవిన పెట్టుకుని బీరువా వెతుకుతూ, మధ్యలో వచ్చి పంపేశాను. చుక్కల కాగితం మూయడం మర్చిపోయాను. ఐదొందల కార్డులు అచ్చయ్యాయి. ఒక్కోదాని మీద అరవై మూడు చుక్కలు.

మళ్లీ అచ్చేయించి ఇద్దామనుకున్నాను. మరిది మాత్రం ఫోన్‌లో తెగ సంబరపడ్డాడు. "అదరగొట్టావు వదినా. చుక్కల్లో అంకె దాచి, రంగులు కనిపిస్తున్నాయో లేదో చూసే కంటి పరీక్ష అనుకుంటున్నారు అందరూ. లోపల ఏ అంకె ఉందని అడుగుతున్నారు. ఏ అంకె?" అన్నాడు.

అంకె లేదన్నాను.

కార్డు పట్టుకుని షాపుకొచ్చినవాళ్లలో లైబ్రరీ చూసుకునే ఆవిడ ఒకరు. ఇది చేసిందెవరని వాకబు చేసి నాకు ఫోన్ చేశారు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, ఉన్నది చెప్పాను. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అన్నారు. చుక్కలతో సహా దాచుకున్నవి ఇరవై ఎనిమిది ఉన్నాయి. లైబ్రరీ హాల్లో నెల్లాళ్లు పెడతాం, కాకపోతే కింద రంగుల వివరం రాయాలి, అది లేకపోతే ఉత్త చుక్కలే అన్నారు. శుక్రవారంలోగా చెప్పమన్నారు.

బుధవారం భోజనాల దగ్గర చెప్పాను. కార్డు బల్ల మీద పెట్టి ఏ రంగు ఎవరిదో చూపించాను. ఆయన నీలం చుక్కలు లెక్కపెట్టారు. ఇరవైయారు.

"పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాణ్ణి. నావెలా ఎక్కువుంటాయి?"

"ఫోన్లు" అన్నాను. "కరెంటు బిల్లు ఫోటో. ఇన్సూరెన్స్ ఫైలు ఎక్కడ. బావగారి పుట్టినరోజు ఏ తేదీ."

"అవి కూడా లెక్కేనా? సగం అమ్మకి వెయ్యి."

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని కార్డు దగ్గరికి లాక్కున్నారు. "నావి ఇరవైయొకటి. నావి నాకు చాలు. వాడివి నాకొద్దు" అన్నారు. కార్డు నా వైపు జరిపి, "కేకేస్తే పలుకుతావు కాబట్టి కేకేస్తాను. పని మధ్యలో లేస్తున్నావని నాకెవరు చెప్పారు?" అన్నారు. తప్పు ఒప్పుకున్నట్టు లేదు, కోప్పడినట్టూ లేదు. నిజమే, నేను చెప్పలేదు. ప్రతిసారీ చుక్క పెట్టి లేచాను.

ఆయన అన్నం తినడం ఆపారు. "చుక్కలు పెట్టుకో, ఎవరు కాదన్నారు? కింద భర్త అని రాయకు. మా ఆఫీసులో సగంమంది ఆ లైబ్రరీకి వెళ్తారు. వివరం లేకుండా పెట్టు, లేదా మానెయ్. కూర్చుని ఇంటిసంగతులు బజారున పెట్టడం దేనికి?"

"కూర్చున్నదెప్పుడు నాన్నా, అమ్మ లేచిందే కదా ఇదంతా" అంది కూతురు.

శుక్రవారం పొద్దున ఇరవై ఎనిమిదీ తెరిచి చూశాను. ఎవరు ఎన్నిసార్లు లేపారో చెప్పడానికి దాచినవని ఇన్నాళ్లూ నేనూ అనుకున్నాను. ఆయన అన్న మాటలో కొంత నిజం ఉందేమో, ఇది ఫిర్యాదేనేమో అని రెండు రోజులు మథనపడ్డాను. సబ్బు కవరు దగ్గర ఆగాను. కూతురికి జ్వరం వచ్చిన రోజు చేసింది. గంటలో తొమ్మిది ఎర్ర చుక్కలు. తొమ్మిదో చుక్క పక్కన పువ్వు రేకు సగంలో ఆగి ఉండాలి. ఆగి లేదు. గీత కలిసింది. ఆ సబ్బు ఇప్పటికీ దుకాణాల్లో ఉంది. మిగతావీ వరసగా చూశాను. ఒక్క చుక్క దగ్గరా అక్షరం అసంపూర్తిగా లేదు. వీటిల్లోనే పదిహేడు వందల సార్లు లేచాను. పదిహేడు వందల సార్లూ వచ్చి కూర్చున్నది కూడా నేనే. దానికి ఎవరూ పిలవలేదు.

వివరం రాశాను. పసుపు: అత్తగారు. నీలం: భర్త. ఎరుపు: కూతురు. ఆకుపచ్చ: వీధి తలుపు. కింద ఇంకో వాక్యం రాశాను: ప్రతి చుక్క దగ్గరా పని మళ్లీ మొదలైంది. నా పేరు పెట్టాను. లైబ్రరీ ఆవిడకి పంపాను. అందింది అని జవాబు వచ్చింది.

అప్పుడు ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

"పంపేముందు నన్నింకోసారి అడగాల్సింది" అన్నారు.

"అడిగితే మళ్లీ వద్దంటారు. అందుకే అడగలేదు" అన్నాను.